చిల్లుల పట్టుకి బంతిపూల దండ

అనగనగా ఒక అడవి అంచున, వలిసె పూలు విరగబూసే కొండవాలులో, మూడు తేనెపెట్టెలు ఉండేవి. ఒకదానికి ఎర్రకప్పు, ఒకదానికి నీలికప్పు, ఒకదానికి పచ్చకప్పు. వాటిని చూసుకునే మనిషి పేరు బుద్రమ్మ. బుద్రమ్మకి అవి పెట్టెలే గానీ, లోపల కాపురముండే తేనెటీగలకి మాత్రం ఇళ్లు. అందుకని మనం కూడా ఇళ్లనే అందాం.

మన కథ పచ్చకప్పు ఇంట్లో జరిగింది.

ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో చెప్పండి చూద్దాం. పది మందా? ఇరవై మందా? కాదర్రా, పదివేల మంది! అంతమందిలోనూ ఒక అత్త లేదు, ఒక పిన్ని లేదు. అందరూ ఒక్క తల్లి కూతుళ్లే. మగపిల్లలు కొందరున్నారు గానీ వాళ్లకి తినడం తప్ప వేరే పనేమీ తెలియదు, వాళ్ల సంగతి వదిలేద్దాం. తల్లిని మనం రాణి అంటాం. పేరుకే రాణి. పాపం, ఆవిడకి పొద్దస్తమానం గుడ్లు పెట్టడంతోనే సరిపోతుంది, ఇంక ఎవరికి ఆజ్ఞలిస్తుంది? ఇంటి పనులన్నీ కూతుళ్లే చూసుకుంటారు. పుట్టిన మొదటి రోజుల్లో గదులు ఊడవాలి. తర్వాత పిల్లలకి పాలు పట్టాలి. ఆ తర్వాత మైనంతో గదులు కట్టాలి, గుమ్మం దగ్గర కాపలా కాయాలి. రెక్కలు ముదిరాక పూల మీదికి పోవాలి. ఇదే వాళ్ల బతుకంతా. ఆరేడు వారాల బతుకు.

ఆ పదివేల మందిలో ఒక చిన్నది ఉండేది. చేలో మొదటి వలిసె పువ్వు విచ్చుకున్న రోజున పుట్టింది కాబట్టి దాని పేరు వలిసి. వయసు ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులే అని నవ్వకండి. ఆ ఇంట్లో పద్నాలుగు రోజులొస్తే పెద్దమనిషి కిందే లెక్క.

వలిసికి పనంటే ప్రాణం. గదులు ఊడ్చే రోజుల్లో అది నాకి శుభ్రం చేసిన గదిలో తల్లి ఒక్కసారి తలపెట్టి చూసి, ఇంక ఆలోచించకుండా గుడ్డు పెట్టేసేది. పాలు పట్టే వంతు వచ్చాక ఆ పని ఇంకా నచ్చింది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల ఎంతుంటుందనుకున్నారు? ఆవగింజకన్నా చిన్నది. కళ్లుండవు, కాళ్లుండవు, నోరొక్కటే ఉంటుంది. రోజుకి వందలసార్లు ఆ గదిలోకి తొంగిచూడాలి, తలలో ఊరిన పాలు చుక్కచుక్కగా పెట్టాలి. వలిసి విసుక్కునేది కాదు. దాని చేతి కింద పెరిగిన పిల్లలు తెల్లగా, నిగనిగలాడుతూ, గది నిండా ఒత్తుకుని పడుకునేవి. అప్పుడు పెద్దక్కలు వచ్చి గదికి మైనపు మూత వేసేవాళ్లు. మూత కింద పిల్ల నిద్రపోయి, రెక్కలొచ్చిన ఈగ అయి, మూత కొరుక్కుని బయటికి వస్తుంది.

"ఈ వరసంతా నేను పెంచిందే," అని వలిసి తనలో తనే పొంగిపోయేది. పొంగితే తప్పేముంది? పెంచినదాని మాట మరి!

ఆ కొండవాలులో ఒక వాడుక ఉంది. ఏటా వలిసె పూలు నిండుగా పూసినప్పుడు బుద్రమ్మ ఒక మంచి పూట చూసుకుని వచ్చేది. పొగడబ్బాతో కాస్త పొగ ఊది, ఇళ్ల కప్పులు తీసి, పిల్లల గదులున్న మైనపు పట్టుని పైకెత్తి ఎండలో పట్టుకుని చూసేది. ఏ పట్టు మీద మూతలన్నీ నిండుగా, ఒక్క చిల్లు లేకుండా ఉంటే ఆ ఇంటికి బంతిపూల దండ కట్టేది. దండ ఒక్కటే అయితే ఏముందిలే అనుకోవచ్చు. కానీ దండ పడిన ఇంటి కూతుళ్లనే ఆ ఏడాది కొత్త పెట్టెలకి రాణులుగా పంపేది. అంటే ఆ కొండంతా ఇక ఆ ఇంటి సంతానమే నిండుతుందన్నమాట.

మూడేళ్లుగా ఆ దండ నీలికప్పు ఇంటికే పోతోంది. పచ్చకప్పు ఇంటికి ఒక్కసారైనా దక్కలేదు. పువ్వుల దగ్గర ఎదురుపడితే నీలింటివాళ్లు పలకరించేవాళ్లు కూడా కాదు.

అయితే ఈ ఏడు పచ్చకప్పు ఇంట్లో వింత జరిగింది. తల్లి ఒక్క గది కూడా వదలకుండా గుడ్లు పెట్టింది. పాలిచ్చేవాళ్లు ఒక్క పిల్లనీ పస్తు పెట్టలేదు. మూతలు వేసే మైనక్క, వయసు పద్నాలుగు రోజులు, ఆ ఇంట్లో అందరికన్నా చేయి తిరిగిన పనిమంతురాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా మూతలు వేసుకుంటూ పోయింది. పట్టంతా మీగడ కట్టిన పాలగిన్నెలా ఉంది.

"ఈసారి దండ మనదే!" అంది మైనక్క. ఇల్లంతా రెక్కలు ఆడించింది.

బుద్రమ్మ రావడానికి ఇంకా ఐదు రోజులుంది.

ఆ రోజు పొద్దున వలిసి తను పెంచిన వరస చూసుకుని మురుద్దామని మూతల మీద నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయింది. ఈగకి ముక్కు ఎక్కడుంటుందో తెలుసా? మీసాల్లో! వలిసి మీసాలు రెండూ ఆ మూతకి ఆనించింది. ఏదో వాసన. పిల్ల వాసన కాదు, మైనం వాసన కాదు. పులిసిపోయిన నీళ్ల వాసన.

పక్క మూత దగ్గర లేదు. ఆ పక్క మూత దగ్గర లేదు. మళ్లీ మొదటి మూత దగ్గరికి వచ్చింది. ఉంది.

దాని గుండె గుబేలుమంది. ఆ గది దానికి బాగా తెలుసు. మూడో వరస, మూల కాస్త వంకరపోయిన గది. అందులో పిల్లకి మొదటి చుక్క పాలు పట్టింది తనే.

పరుగున పాలక్క దగ్గరికి పోయింది. పాలిచ్చేవాళ్లందరిలోకీ పెద్దది పాలక్క.

"పాలక్కా, పాలక్కా! మూడో వరసలో ఒక మూత కింద వాసనొస్తోంది."

"మీసాలకి పడిశం పట్టిందేమోనే నీకు," అంది పాలక్క నవ్వుతూ. "పో, పోయి ఆకలితో ఉన్నవాళ్లకి పాలు పట్టు."

వలిసి మైనక్క దగ్గరికి పోయింది.

"మైనక్కా! ఒక మూత తీసి చూడాలి. లోపల పిల్లకి ఏదో అయింది."

మైనక్క తన పని ఆపి తిరిగి చూసింది. "ఏటే, నేనేసిన మూత నువ్వు తీస్తావా? పట్టు మధ్యలో చిల్లు పెడతావా? దండ చేతికి అందబోతున్నప్పుడా నీకు ఈ బుద్ధి పుట్టింది? ఐదు రోజులు నోరు మూసుకో. దండ పడ్డాక ఎన్ని మూతలు తీసినా నేనేం అనను."

వలిసి గుమ్మం దగ్గర కాపలా ఉండే కావలక్క దగ్గరికి పోయింది. ఇరుగుపొరుగు కబుర్లన్నీ ముందు కావలక్క చెవినే పడతాయి.

"ఆ వాసన మనింట్లోనే కాదే," అంది కావలక్క గొంతు తగ్గించి. "ఎర్రింట్లో కూడా వచ్చిందట. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఎవరూ చూడటం లేదట. నీలింట్లో కూడా వచ్చిందట. అక్కడైతే మూతల మీద రెండో పూత మైనం పూసేశారు. ఇప్పుడు వాసన బయటికి రాదు. నువ్వూ ఆ మాట మైనక్కకి చెప్పు, నాలుగు చుక్కల మైనంతో పోయేదానికి ఇల్లంతా ఎందుకు తిరుగుతావు?"

వలిసి మూడో వరసకి తిరిగి వచ్చి ఆ మూత పక్కన కూర్చుంది. ఒక మాట చెప్పడం మరిచాను పిల్లలూ. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. రోగంతో చచ్చిన పిల్లని నోట పట్టినది మళ్లీ ఉయ్యాలల దగ్గరికి, అంటే పాలు తాగే పిల్లల గదుల దగ్గరికి, రాకూడదు. ఒక్క పిల్లకి కూడా పాలు పట్టకూడదు. ఎందుకంటే ఆ రోగపు నీళ్లు ఒక్క చుక్క నోట్లోకి పోయినా, పాలతోపాటు వంద మంది పిల్లలకి పోతుంది. కట్టుబాటు మంచిదే. కానీ మూత తీసిన రోజునే వలిసి తనకి ప్రాణమైన పని వదులుకోవాలి. ఎనిమిది రోజుల వయసులో, ఇంకా పాలు ఊరుతుండగానే.

తియ్యకపోతే? తియ్యకపోతే దండ వస్తుంది. మూత కింద చచ్చిన పిల్ల ఒళ్లు నీళ్ల తిత్తిలా ఉబ్బి పగిలితే మాత్రం ఆ నీళ్లు తుడిచేవాళ్ల నోటిలో పడతాయి, వాళ్ల నోటి నుంచి పిల్లలకి పోతాయి. దండ వాడేలోపు ఇల్లు ఖాళీ అవుతుంది.

వలిసి లేచి, చివరిసారి తన పిల్లల వరసంతా తిరిగింది. ఆకలిగా నోరు తెరిచిన ప్రతి పిల్లకీ ఒక చుక్క పెట్టింది. పాలన్నీ అయిపోయేదాకా పెట్టింది. తర్వాత వంకర మూల గది దగ్గరికి వచ్చి మూత కొరికింది.

లోపల పిల్ల తల పైకెత్తి చచ్చిపోయి ఉంది. ఒళ్లంతా పలచని తోలుతిత్తి అయిపోయింది. తిత్తి నిండా నీళ్లు.

వలిసికి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ఎలా? తిత్తి పగలకుండా, పళ్లు తగలకుండా, తల దగ్గర మెల్లగా పట్టుకుని బయటికి లాగింది. పట్టు మీద నుంచి గుమ్మం దాకా తెచ్చింది. దారిలో అక్కలందరూ పక్కకి జరిగారు. దాని రెక్కలు ఇంకా లేతవి, అంత బరువుతో ఎప్పుడూ ఎగరలేదు. అయినా ఎగిరింది. చేను దాటి, సిల్వర్ ఓక్ చెట్ల వరస దాటి, రాళ్లగుట్ట అవతల దాన్ని పడేసి వచ్చింది.

వచ్చాక ఉయ్యాలల వైపు పోలేదు. దూరంగా నిలబడి చూసింది, అంతే. పిల్లలు నోళ్లు తెరుస్తుంటే దాని తలలో పాలు సలిపాయి.

తర్వాత మళ్లీ మూతల మీదికి పోయి మీసాలు ఆనించింది. ఇంకో మూత. అది తీసింది. సాయంత్రానికి మూడోది.

"మూడు చిల్లులు!" అని మైనక్క గగ్గోలు పెట్టింది. "మూడేళ్ల నుంచి ఇల్లు ఎదురుచూసిన దండ! అమ్మ ఒక్క గది వదలకుండా గుడ్లు పెడితే, నేను ఒళ్లు కరిగించి మూతలేస్తే, ఎనిమిది రోజుల పిల్ల వచ్చి పట్టుని జల్లెడ చేస్తోంది! ఎవరూ అడగరేం?"

అందరూ పాలక్క వైపు చూశారు. పాలక్క వలిసి తీసిన మూడో గది దగ్గరికి నడిచింది. దాని పక్కనున్న మూతకి మీసాలు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ గదిలో పిల్లని పెంచింది తనే.

"వలిసీ," అంది చివరికి. "పడిశం నీకు కాదే, నాకే. ఇక్కడ కూడా ఉంది."

ఆ మాట అని, పాలిచ్చేవాళ్లందరికీ పెద్దదైన ఆ పాలక్క వంగి మూత కొరికింది. కొరికితే తను కూడా ఉయ్యాలల దగ్గరికి రాకూడదని దానికి తెలియదా? తెలుసు. తెలిసే కొరికింది.

ఆ ఇంట్లో ఆజ్ఞలిచ్చేవాళ్లు లేరని చెప్పాను కదా. ఒకరు చేస్తే చూసి ఇంకొకరు చేస్తారు. పాలక్క తర్వాత నలుగురు వచ్చారు. నలుగురి తర్వాత నలభైమంది. మర్నాటికి పట్టంతా మీసాలే. అనుమానం వచ్చిన ప్రతి మూత తెరిచారు. లోపల పిల్ల బాగుంటే మళ్లీ మైనంతో కప్పారు. చచ్చి ఉంటే తిత్తి పగలకుండా మోసుకుపోయారు. ఖాళీ అయిన గదులని నాకి, తుడిచి, మెరిసేలా చేశారు. ఆ పని పట్టినవాళ్లెవరూ పాలు పట్టే పనికి పోలేదు. వాళ్ల వంతు పని కొత్తగా పుట్టిన చెల్లెళ్లు ఎత్తుకున్నారు.

ఇక్కడ నాకు గర్వంగా ఉంటుంది పిల్లలూ, ఈ కథ చెప్పినప్పుడల్లా. అందుకోవాలంటే దండ ఒక్క అడుగు దూరంలో ఉంది. అందరికీ కావాలి. అయినా చేజేతులా చిల్లులు పెట్టారు.

వలిసికి ఇంట్లో పని అయిపోయింది కాబట్టి వయసు రాకముందే పూల మీదికి పోవడం మొదలుపెట్టింది. రెండో రోజు ఒక వలిసె పువ్వు మీద నీలింటి ఈగ ఎదురైంది. ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఠీవిగా ఉంది.

"మీ పట్టుకి చిల్లులు పడ్డాయటగా?" అంది నీలింటి ఈగ.

"పడలేదు, మేమే పెట్టాం," అంది వలిసి. "అక్కా, మీ మూతలు కూడా ఒకసారి తీసి చూడండి. రెండో పూత కింద వాసన తెలియదు. తిత్తి పగిలిందంటే ఇల్లు దక్కదు."

నీలింటి ఈగ పకపకా నవ్వింది. "మా పట్టు అద్దంలా ఉంది. నువ్వు మమ్మల్ని చూసి ఓర్చుకోలేకపోతున్నావు. పో, పోయి మీ జల్లెడ చూసుకో!"

వలిసి తేనె నింపుకుని ఇంటికి వచ్చింది. దానికి కోపం రాలేదంటే అబద్ధమే, బాగానే వచ్చింది.

ఐదో రోజు వచ్చింది. పొద్దెక్కి చలి తగ్గాక బుద్రమ్మ వచ్చింది. చేతిలో పొగడబ్బా, భుజాన బంతిపూల దండ. ఈసారి ఒంటరిగా రాలేదు. వెంట పశువుల డాక్టరమ్మ సుహాసిని కూడా వచ్చింది. కింద ఊళ్లో తేనెపెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అయిపోతున్నాయని కబురు అందితే, ఆవుల మందులసంచీ అక్కడే వదిలేసి కొండెక్కి వచ్చింది.

బుద్రమ్మ ముందు నీలికప్పు తీసింది. పట్టుని ఎండలో పట్టింది.

"సూడండి డాక్టరమ్మా! ఒక్క సిల్లు లేదు. ఇది నా బంగారం!"

తర్వాత ఎర్రకప్పు తీసింది. "ఇదీ పరవాలేదు. ఆ కొసన ఏటో కొంచెం మాడినట్టుంది గానీ, నిండుగానే ఉంది."

చివరికి పచ్చకప్పు తీసింది. పట్టు ఎత్తింది. చిల్లులే చిల్లులు.

"అయ్యయ్యో!" అంది బుద్రమ్మ. "మొన్న నిండుగా ఉండేది. దీనికేటయిందో, ఇలాగైపోయింది. ఈ పెట్టె నాకొద్దమ్మా."

పచ్చకప్పు ఇంట్లో పదివేల మంది ఆ మాట విన్నారు. మైనక్క రెక్కల్లో తల దాచుకుంది. వలిసి గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. సిగ్గుపడిందా? లేదు. తను తీసిన ప్రతి పిల్లనీ ఎంత దూరం మోసిందో దానికి గుర్తుంది. కానీ అక్కలందరి ముఖాలు చూడలేక చేను వైపు తిరిగింది.

బుద్రమ్మ దండ తీసుకుని నీలికప్పు వైపు నడిచింది.

"ఆగండి బుద్రమ్మగారూ," అంది డాక్టరమ్మ. "దండ కట్టేముందు నన్ను మూతలు తీసి చూడనివ్వండి. కింద ఊళ్లో పోయిన పెట్టెల్లో కూడా పట్లు నిండుగానే ఉండేవట."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. కొత్త చీపురుపుల్ల ఒకటి తీసుకుంది. నీలింటి పట్టు మీద పది మూతలు తీసింది. రెండో పూత ఉంది కదా, పుల్ల వంగిపోయేంత మందం. పది మూతల కింద ఏడు తిత్తులు!

డాక్టరమ్మ ఆ పుల్లని నిప్పులో పడేసింది. మళ్లీ చేతులు కడుక్కుంది. ఇంకో కొత్త పుల్ల తీసుకుంది.

"అన్నిసార్లు కడుగుతున్నారేటమ్మా?" అంది బుద్రమ్మ.

"ఒక ఇంటి రోగం ఇంకో ఇంటికి మన చేతులే మోస్తాయండీ. పొగడబ్బా అయినా, చాకు అయినా అంతే," అంది డాక్టరమ్మ.

ఎర్రింట్లో పది మూతలు తీసింది. ఐదు తిత్తులు. మళ్లీ చేతులు కడుక్కుంది, మళ్లీ పుల్ల మార్చింది. పచ్చింట్లో పది మూతలు తీసింది. పదింటి కిందా పది పిల్లలు, తెల్లగా, నిద్రపోతూ, అప్పుడే కళ్లు ఏర్పడుతూ.

డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి ఆ పట్టుని ఎండకి ఎత్తింది. ఒక చిల్లులోకి చూసింది. ఇంకో చిల్లులోకి చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"బుద్రమ్మగారూ, ఇటు రండి. ఈ చిల్లులోపల ఏముందో చూడండి."

బుద్రమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఏటీ లేదు. శుభ్రంగా ఉంది. ఉండండి, ఉండండి... అడుగున సన్నంగా తెల్లటిదేదో నిలబడుంది."

"గుడ్డు," అంది డాక్టరమ్మ. "రోగం గెలిచిన ఇంట్లో చిల్లులో కుళ్లు ఉంటుంది. ఇక్కడ గుడ్డుంది. అంటే ఈ ఈగలే వాసన పట్టి, మూత తీసి, చచ్చిన పిల్లల్ని బయట పారేసి, గది కడిగిపెట్టుకున్నాయి. వాటి తల్లి వచ్చి మళ్లీ గుడ్డు పెట్టింది. ఈ జబ్బుకి నా సంచీలో మందు లేదు బుద్రమ్మగారూ. నేను పుస్తకాల్లో చదువుకున్న వైద్యం ఈ ఇంట్లోవాళ్లు నాకన్నా ముందే చేసేశారు."

బుద్రమ్మ ఆ చిల్లుల పట్టుని ఇంకోసారి ఎండకి ఎత్తి చూసింది.

"ఎన్నేళ్ల నుంచో నేను సిల్లుల్లేని పట్టుకే దండ కడుతున్నాను," అంది మెల్లగా. "సిల్లు లోపలికి ఎప్పుడూ సూడలేదు. తప్పు నాదేనమ్మా."

దండ తెచ్చి పచ్చకప్పు చుట్టూ కట్టింది. కట్టి, ఆ ఇంటికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

అప్పుడు లోపల ఎంత సందడి అయిందో నేను చెప్పలేను. పదివేల మంది ఒకేసారి రెక్కలాడించారు. బంతిపూల రేకులు వణికాయి. మైనక్క పట్టు మీద నుంచి గుమ్మం దాకా పరుగెత్తుకుంటూ వచ్చి, వలిసి ముందు నిలబడి, దాని మీసాలకి మీసాలు ఆనించింది.

డాక్టరమ్మ చెప్పినట్టే బుద్రమ్మ చేసింది. నీలిల్లు, ఎర్రిల్లు దూరంగా జరిపింది. రోగం పట్టిన పట్లు తీసి కాల్చేసింది. రోగానికి కొత్త పిల్లలు దొరక్కుండా ఆ రాణుల్ని కొన్నాళ్లు గుడ్లు పెట్టకుండా ఆపింది. నీలింట్లో అప్పటికే సగంమంది మిగల్లేదు. మిగిలినవాళ్లకి పాత రాణి బదులు పచ్చకప్పు ఇంటి కూతురు రాణిగా పోయింది. ఒకప్పుడు పకపకా నవ్విన నీలింటి ఈగ కొత్త రాణికి దారి ఇస్తూ తల దించుకుంది. ఆ రాణి మాత్రం గుడ్డు పెట్టేముందు ప్రతి గదిలోనూ తలపెట్టి చూసుకుంది, అంతే.

మరి వలిసి?

ఇరవై రోజులు గడిచాయి. దాని రెక్కలు చిరిగి అంచులు పోయాయి. వలిసె చేను గింజ పట్టింది. ఒక ఉదయం తేనె దించి తిరిగి పోబోతుంటే, మూడో వరసలో వంకర మూల గది మూత కదిలింది. తను మొదట తెరిచిన గది. దాన్ని నాకి శుభ్రం చేశాక తల్లి పెట్టిన గుడ్డు, ఈ రోజు ఈగ అయింది.

వలిసి దగ్గరికి పోలేదు. కట్టుబాటు కట్టుబాటే. పాలక్క పక్కన, దూరంగా నిలబడి చూసింది. మూత కొరుక్కుని ఒక కొత్తపిల్ల బయటికి వచ్చింది. ఒళ్లంతా తడి, జుట్టంతా చెదిరి ఉంది. లోకం ఏమిటో కూడా చూడకుండా వెనక్కి తిరిగి, తను పుట్టిన గదిని నాకి ఊడవడం మొదలుపెట్టింది. ఊడ్చి, పక్క మూతల మీద నాలుగడుగులు వేసింది. టక్కున ఆగింది. మీసాలు ఆనించింది.

"అక్కా," అంది ఆ కొత్తపిల్ల, ఎవరిని పిలవాలో తెలియక అందరినీ చూస్తూ. "ఇక్కడ ఏదో వాసనొస్తోంది."

పడిశం అని ఎవరూ అనలేదు. ఇంట్లో పనులన్నీ ఆగాయి. మైనక్క, ఇప్పుడు రెక్కలు చివికిన ముసలిది, దాని పక్కకి వచ్చింది. ఆ మూత వేసింది మైనక్క పని నేర్పిన చెల్లెలే.

"తెరువమ్మా," అంది మైనక్క. "మనింట్లో అలాగే చేస్తాం."

వలిసి చిరిగిన రెక్కలు ఒకసారి దులుపుకుని, తల ఎత్తుకుని, పూల మీదికి ఎగిరిపోయింది.

నీతి: ఇంట్లో చెడు కనబడితే పైన పూత పూసి దాచకూడదు, తెరిచి, తీసేసి, శుభ్రం చేసుకున్న ఇంటికే తల ఎత్తుకునే హక్కు ఉంటుంది.